బీరు పులియడం పూర్తయిందా? సీసాల్లో పోసే ముందు తేల్చుకోవడం ఎలా

ఇంట్లో బీరు కాచడం మొదలుపెట్టినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: "ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని నీటి మూతలో) బుడగలు ఆగిపోయాయి, ఇక సీసాల్లో పోసేయొచ్చా?" దీన్నే తిరగేసి ఇంకొకరు అడుగుతారు: "రెండు వారాలైనా బుడగలు వస్తూనే ఉన్నాయి, ఇంకా ఆగాలా?" ఇద్దరికీ జవాబు ఒకటే. బుడగల్ని వదిలేసి హైడ్రోమీటర్ పట్టుకోండి. బీరులో తేలుతూ అది ఎంత చిక్కగా ఉందో చూపే గొట్టం ఇది, పులిసి చక్కెర తగ్గేకొద్దీ దీని అంకె దిగుతుంది. రెండు మూడు రోజుల ఎడంతో తీసిన రీడింగులు ఒకేలా ఉండాలి. ఆ అంకె మీ బీరు దిగాల్సినంత కిందికి దిగి ఉండాలి. రెండూ కుదిరితేనే సీసాల మాట ఎత్తాలి.

బుడగల్ని ఎందుకు నమ్మకూడదంటే, అవి గ్యాస్ బయటికి వస్తోందని చెబుతాయి తప్ప ఆ గ్యాస్ ఎక్కడిదో చెప్పవు. మూత సరిగ్గా బిగియకపోతే గ్యాస్ పక్కనుంచి పోతుంది, లోపల బీరు జోరుగా పులుస్తున్నా ఎయిర్‌లాక్ కదలదు. పులియడం ఎప్పుడో అయిపోయినా, గది కాస్త వేడెక్కితే బీరులో కరిగి ఉన్న గ్యాస్ పైకొచ్చి రోజుల తరబడి బుడగలు వేస్తుంది. నురగ కిందికి దిగడం, బీరు తేటపడటం కూడా అంతే. కొన్ని ఈస్ట్‌లు చక్కెర ఇంకా మిగిలుండగానే గడ్డకట్టి అడుగుకు చేరిపోతాయి. పైన బీరు అద్దంలా ఉంటుంది, పని మాత్రం సగమే అయి ఉంటుంది.

తొందరపడితే నష్టమెంతో ఒక లెక్క చూడండి. హైడ్రోమీటర్ మీద 0.001 తేడాను ఒక పాయింటు అంటారు. సీసాలో మూత బిగించాక ఒక్కో పాయింటు దిగితే, లీటరు బీరుకు సుమారు అర లీటరు గ్యాస్ పుడుతుంది. మామూలు బీరుకు మనం కావాలని ఎక్కించే గ్యాస్ లీటరుకు 2.4 లీటర్లు. 1.010 దాకా దిగాల్సిన బీరును 1.014 దగ్గరే సీసాలో పోస్తే, ఆ నాలుగు పాయింట్లు ఇంకో రెండు లీటర్లు కలుపుతాయి. మొత్తం 4.4. మామూలు బీరు సీసాలో 3 దాటనివ్వకపోవడమే క్షేమం. ఆ పైన సీసా పేలొచ్చు. పేలిందంటే గాజు ముక్కలు గది నలుమూలలకూ ఎగురుతాయి.

కావలసినవి

- హైడ్రోమీటర్, దానికి సరిపడే పొడవాటి సన్నని జాడీ. చిన్న జాడీ అయితే 100 మి.లీ. బీరు చాలు, పెద్దదానికి 250 దాకా పడుతుంది.
- థర్మామీటర్
- శాంపిల్ తీయడానికి గొట్టం లేదా పెద్ద పిప్పెట్. ఫెర్మెంటర్‌కు (బీరు పులిసే పాత్రకు) కుళాయి ఉంటే ఇవి అక్కర్లేదు.
- కడగాల్సిన పనిలేని శానిటైజర్, స్ప్రే సీసాలో
- నోటు పుస్తకం. తేదీ, అంకె, వేడి, మూడూ రాయాలి. గుర్తుంటుందిలే అనుకున్న అంకె వారం తిరిగేసరికి గుర్తుండదు.
- గ్రాముల్లో తూచే తూకం
- ఒక ప్లాస్టిక్ సోడా సీసా, మరమూతతో. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

హైడ్రోమీటర్ కొన్నరోజే మామూలు నీళ్లలో ముంచి చూడండి. దాని మీద 15.5 అనో 20 డిగ్రీలు అనో రాసి ఉంటుంది. ఆ వేడిలో ఉన్న నీళ్లలో అది సరిగ్గా 1.000 చూపాలి. లోపలి కాగితం జారి ఉంటే 1.002, 0.998 అని చూపిస్తుంది. పారేయక్కర్లేదు, ఆ తేడాను ప్రతిసారీ తీసేసి గానీ కలిపి గానీ చదువుకోండి.

1. పులవబెట్టిన రోజు అంకె రాసుకోండి

ఈస్ట్ వేయకముందు వోర్ట్ (పులవబెట్టబోయే మాల్ట్ రసం) రీడింగ్ తీయండి. దీన్నే ఓజీ (ఒరిజినల్ గ్రావిటీ, అంటే మొదటి అంకె) అంటారు. చిక్కటి మాల్ట్ రసంలో నీళ్లు కలిపి పరిమాణం పెంచే పద్ధతైతే బాగా కలిపాకే తీయండి. చిక్కటిది అడుగున, నీళ్లు పైన పొరలుగా నిలబడిపోతే రీడింగ్ ఎక్కడ తీస్తే అక్కడి అంకె వస్తుంది. ఓజీ మరీ వింతగా కనిపిస్తే, కిట్ మీద రాసిన అంకెను గానీ రెసిపీ లెక్కను గానీ నమ్మడం మేలు. మాల్ట్ కొలత, నీళ్ల కొలత సరిగ్గా ఉంటే ఆ లెక్క పెద్దగా తప్పదు.

2. ఎంతవరకు దిగాలో ముందే లెక్కేసుకోండి

ఈస్ట్ పొట్లం మీద అటెన్యుయేషన్ అని ఒక శాతం ఉంటుంది, ఓజీ పాయింట్లలో ఎంత భాగం ఈస్ట్ దింపుతుందో అది చెబుతుంది. చాలా ఈస్ట్‌లకు అది 70 నుంచి 80 మధ్య. ఓజీ 1.050 అనుకోండి, అంటే 50 పాయింట్లు. అందులో 75 శాతం ఈస్ట్ తినేస్తే 12, 13 పాయింట్లు మిగులుతాయి, అంటే 1.012 లేదా 1.013. 80 శాతం తింటే 1.010, 70 అయితే 1.015. ఆ మధ్యలో ఎక్కడ ఆగినా మామూలే.

ఈ లెక్క తప్పే సందర్భాలు కొన్ని ఉన్నాయి. లాక్టోజ్ (పాల చక్కెర) వేసిన స్టౌట్ అనే నల్లటి బీరు పైనే ఆగుతుంది, ఆ చక్కెరను బీరు ఈస్ట్ తినలేదు. ధాన్యం నానబెట్టిన వేడి 68 డిగ్రీలు దాటినా, క్రిస్టల్ మాల్ట్ (వేయించిన తీపి మాల్ట్) ఎక్కువైనా నాలుగైదు పాయింట్లు పైనే నిలవొచ్చు. తెల్ల చక్కెర కలిపితే ఇంకా కిందికి పోతుంది. సైజాన్ అనే బెల్జియం రకం బీరుకు వాడే ఈస్ట్‌లలో కొన్ని మిగతావి ముట్టని పిండి చక్కెరల్ని కూడా నెమ్మదిగా విరగ్గొట్టుకుని తింటాయి. బెల్ సైజాన్ అలాంటిదే. ఇవి 1.005 దిగువకు కూడా పోతాయి. వీటితో 1.012 దగ్గర "ఆగిపోయింది" అనిపిస్తే అది ఆగడం కాదు, నడక మందగించడం.

3. మొదటి శాంపిల్ ఎప్పుడు

18 నుంచి 22 డిగ్రీల్లో పులిసే ఏల్‌కు పదో రోజు ముందు తీయకండి. చల్లగా పులిసే లాగర్‌కు మూడు వారాలు. రోజూ మూత తీసి చూడటం వల్ల ఒరిగేదేమీ లేదు. తీసిన ప్రతిసారీ గాలి, దానితో క్రిములు లోపలికి పోతాయి, ఒక గ్లాసు బీరు బయటికి పోతుంది.

4. శాంపిల్ తీయడం

గొట్టం, కుళాయి మూతి, చేతులు, అన్నిటికీ శానిటైజర్ కొట్టండి. కుళాయి నుంచి తీస్తే మొదట వచ్చే రెండు చెంచాలు పారబోయండి, అందులో మడ్డి ఉంటుంది. కుళాయి తిప్పేటప్పుడు మూత గట్టిగా బిగిసి ఉంటే, ఎయిర్‌లాక్‌లోని నీళ్లు లోపలికి పీల్చుకుపోతాయి. కాబట్టి ముందు ఎయిర్‌లాక్ ఊడదీసి, ఆ కన్నం మీద శానిటైజర్ కొట్టిన గుడ్డ కప్పండి.

కొలిచిన బీరును మళ్లీ ఫెర్మెంటర్‌లో పోయొద్దు. గ్లాసెడే కదా అనిపిస్తుంది, కానీ దానికి గాలి తగిలింది, జాడీ తగిలింది, హైడ్రోమీటర్ తగిలింది. తాగి రుచి చూడండి. ఆ రుచితో ఎనిమిదో మెట్టులో పని ఉంది.

5. గ్యాస్ పోగొట్టి చదవండి

తప్పుడు రీడింగులు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. కొత్తగా తీసిన బీరులో గ్యాస్ నిండా ఉంటుంది. హైడ్రోమీటర్ ముంచగానే చిన్న చిన్న బుడగలు దాని ఒంటికి అంటుకుని పైకి ఎత్తేస్తాయి. నిజంగా 1.011 ఉన్నది 1.014లా కనిపిస్తుంది. రేపు గ్యాస్ తక్కువున్న శాంపిల్ తీస్తే 1.011 అంటుంది. బీరు ఇంకా దిగుతోందని మీరు కంగారు పడతారు.

అందుకని బీరును రెండు గ్లాసుల మధ్య టీ తిరగబోసినట్టు పది పదిహేను సార్లు పోయండి. నురగ అణిగేదాకా ఆగండి. జాడీలో పోసి, హైడ్రోమీటర్ కాడను రెండు వేళ్లతో పట్టుకుని గిర్రున ఒకసారి తిప్పి వదలండి. అంటుకున్న బుడగలు రాలిపోతాయి. జాడీ గోడకు ఆనకుండా మధ్యలో తేలుతోందో లేదో చూడండి. ఇప్పుడు కళ్లు బీరు మట్టానికి తెచ్చి, పక్కనుంచి చదవండి. కాడ చుట్టూ బీరు కాస్త పైకి పాకి ఉంటుంది. ఆ అంచు లెక్కలోకి రాదు, చదునైన మట్టం ఏ గీత మీద ఉందో అదే రీడింగ్. పైనుంచి వంగి చూస్తే ఒకటి రెండు పాయింట్లు ఇట్టే తప్పుతాయి.

6. వేడి సవరణ

బీరు వేడిగా ఉంటే పలచబడి రీడింగ్ తక్కువ చూపుతుంది. హైడ్రోమీటర్ 20 డిగ్రీలకు గీసినదైతే, శాంపిల్ 25 డిగ్రీలుంటే ఒక పాయింటు, 30 ఉంటే రెండున్నర, 35 ఉంటే నాలుగు పాయింట్లు కలపండి. 15.5 డిగ్రీలకు గీసినదైతే వీటికి ఇంకో పాయింటు కలుపుకోవాలి. సవరణ ఇబ్బంది అనుకుంటే జాడీని చల్లటి నీళ్లలో కాసేపు నిలబెట్టి సరైన వేడికి తెచ్చి చదవండి.

రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరునుబట్టి చక్కెరను కొలిచే పరికరం) వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. పులిసిన బీరులో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి అది చూపే అంకె నేరుగా పనికిరాదు. 1.050 నుంచి 1.010కి దిగిన బీరును అది 6 బ్రిక్స్‌కు (చక్కెర శాతపు కొలతకు) పైగా చూపుతుంది. అది చూసి బీరు 1.025 దగ్గర ఇరుక్కుపోయిందని చాలామంది బెంబేలెత్తుతారు. రెండు రీడింగులు ఒకేలా ఉన్నాయా లేదా అని చూడటానికి అది పనికొస్తుంది. అసలు అంకె కావాలంటే ఓజీ కలిపి లెక్కగట్టే కాలిక్యులేటర్ కావాలి, లేదా హైడ్రోమీటరే.

7. మూడు రోజులాగి మళ్లీ కొలవండి

అదే వేడి, అదే పద్ధతి, అదే జాడీ. మొదటి రీడింగ్ 1.012, మూడు రోజుల తర్వాతా 1.012, మీ లెక్క కూడా 1.010 నుంచి 1.015 అంటోంది. బీరు పులియడం అయిపోయింది. ఒక్క పాయింటు దిగినా అవలేదనే లెక్క, ఇంకో మూడు రోజులాగండి. చల్లగా పులిసే లాగర్‌కూ, ఓజీ 1.070 దాటిన బరువైన బీరుకూ మూడు రోజులకు బదులు ఐదు రోజులు ఇవ్వండి. సైజాన్‌కు వారం.

రెండు రీడింగులూ ఫెర్మెంటర్ మామూలు వేడిలో ఉన్నప్పుడే తీయాలి. ఫ్రిజ్‌లో 2 డిగ్రీల దగ్గర పెట్టిన బీరు నెల రోజులైనా ఒకే అంకె చూపిస్తుంది, ఎందుకంటే ఈస్ట్ నిద్రపోతోంది. సీసాలు గది వేడికి రాగానే అది లేస్తుంది.

పులిసే బీరులో నేరుగా హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వేస్తే (డ్రై హాప్), వేసిన తర్వాతే ఈ రెండు రీడింగులూ తీయండి. హాప్స్‌లో ఉండే ఎంజైములు ఈస్ట్ తినలేని చక్కెరల్ని తినగలిగేలా విరుస్తాయి. ఆగిపోయిందనుకున్న బీరు మళ్లీ రెండు మూడు పాయింట్లు దిగుతుంది. హాప్స్ వేయకముందు తీసిన రీడింగుల్ని నమ్మి సీసాల్లో పోసినందుకు పొంగిపోయిన బ్యాచ్‌లు తక్కువేం కాదు.

ఆగింది, కానీ పైనే ఆగింది

రెండు రీడింగులూ 1.020. కదలిక లేదు. లెక్క ప్రకారం 1.012 రావాలి. నిలకడగా ఉందని సీసాల్లో పోస్తే, మూత తెరిచేటప్పుడు తగిలిన గాలి, కొత్తగా పడిన చక్కెర ఈస్ట్‌ను మళ్లీ లేపొచ్చు. ఆ ఎనిమిది పాయింట్లూ సీసాలోనే దిగుతాయి. ముందు హైడ్రోమీటర్‌ను నీళ్లలో మళ్లీ పరీక్షించండి. అది సరిగ్గానే ఉంటే ఈ పరీక్ష చేయండి:

శుభ్రమైన సీసాలో 250 మి.లీ. బీరు తీసుకుని, అర చెంచా పొడి బీరు ఈస్ట్ వేయండి. బ్రెడ్ ఈస్ట్ వద్దు. మూతి మీద ఫాయిల్ వదులుగా కప్పి, 25 డిగ్రీలు లేదా కాస్త పైన ఉండేచోట పెట్టండి. రోజుకు నాలుగైదు సార్లు కుదపండి. మూడో రోజు గ్యాస్ పోగొట్టి కొలవండి. ఇక్కడా 1.020 ఉంటే మీ బీరుకు అదే నేల, ఇక దిగదు, నిశ్చింతగా సీసాల్లో పోసుకోవచ్చు. 1.013కి దిగితే ఫెర్మెంటర్‌లో ఇంకా చక్కెర ఉంది, ఈస్ట్ చతికిలబడింది అని అర్థం.

చతికిలబడిన ఈస్ట్‌ను లేపడానికి ఈ వరసలో ప్రయత్నించండి. ఒకటి, ఫెర్మెంటర్‌ను 21, 22 డిగ్రీలకు తేవడం. ఎక్కువసార్లు ఇదొక్కటే సరిపోతుంది. రెండు, మూత తీయకుండా ఫెర్మెంటర్‌ను మెల్లగా గుండ్రంగా ఊపి అడుగున ఉన్న ఈస్ట్‌ను పైకి లేపడం. చిలకరించినట్టు ఊపితే గాలి కలిసి బీరు పాడవుతుంది. మూడు, ఇవి కుదరకపోతే కొత్త ఈస్ట్. పొడిగా చల్లితే ఆల్కహాల్ దెబ్బకు చాలాసార్లు పనిచేయదు. అర లీటరు పలచటి వోర్ట్‌లో ఈస్ట్ వేసి, అది నురగ కడుతూ జోరుగా ఉన్నప్పుడే ఫెర్మెంటర్‌లో పోయండి. పిండి పదార్థాన్ని చక్కెరగా విరిచే అమైలేజ్ ఎంజైమ్ వేయమనే సలహా కూడా వినిపిస్తుంది. అది ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పలేం, సీసాలో కూడా పనిచేస్తూనే ఉంటుంది. దాని జోలికి పోకపోవడమే మంచిది.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. మామూలు ఈస్టే, అంకె 1.008, 1.006, 1.004 అంటూ వారాల తరబడి దిగుతూనే ఉంది, పైన తెల్లటి పొర కడుతోంది. లోపల అడవి ఈస్ట్ గానీ బ్యాక్టీరియా గానీ చేరాయి. దాన్ని గాజు సీసాల్లో పోయకండి.

8. వాసన చూడండి

అంకెలు కుదిరాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. శాంపిల్‌లో వెన్న వాసన గానీ పచ్చి ఆపిల్ వాసన గానీ వస్తే ఈస్ట్ తన చెత్తను ఇంకా శుభ్రం చేసుకోలేదు. వెన్న వాసన బయటపడకుండా దాగి ఉండొచ్చు కూడా. దాన్ని బయటికి లాగడానికి శాంపిల్‌ను రెండు గ్లాసుల్లో పోసి, మూతపెట్టి, ఒకదాన్ని 60, 65 డిగ్రీల వేడినీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. చల్లార్చి రెండూ పక్కపక్కనే వాసన చూడండి. వేడి చేసిన గ్లాసులో వెన్న వాసన వస్తే ఫెర్మెంటర్‌ను ఇంకో రెండు మూడు రోజులు అలాగే ఉంచండి. లాగర్ అయితే 16 నుంచి 18 డిగ్రీలకు పెంచి ఉంచండి. ఈస్ట్ ఆ వాసనను తనే తినేస్తుంది.

9. చక్కెర తూచి కలపండి

20 డిగ్రీల దగ్గర పులిసిన బీరుకు లీటరుకు 6 గ్రాముల మామూలు చక్కెర వేస్తే, బీరులో ముందే ఉన్నదానితో కలిపి గ్యాస్ లీటరుకు 2.4 లీటర్లు అవుతుంది. 25 డిగ్రీల దగ్గర పులిస్తే అర గ్రాము పెంచండి, వేడి బీరులో అప్పటికే ఉండే గ్యాస్ తక్కువ. చల్లబరిచాక సీసాల్లో పోస్తున్నా, లెక్కకు తీసుకోవాల్సింది పులిశాక బీరు చూసిన అత్యధిక వేడినే, ఫ్రిజ్ వేడిని కాదు.

ఎక్కువమంది పొరపడేది పరిమాణం దగ్గర. 20 లీటర్లు కాచాం కదా అని 120 గ్రాములు వేస్తారు. మడ్డి, శాంపిళ్లు పోగా చేతికొచ్చేది 18 లీటర్లు. దానికి 108 గ్రాములే కావాలి. బకెట్ మీద లీటరు గీతలు గీసిపెట్టుకోండి. చెంచాలతో కొలవొద్దు, తూచండి.

చక్కెరను 300 మి.లీ. నీళ్లలో ఐదు నిమిషాలు మరిగించి, చల్లార్చి, శుభ్రం చేసిన బకెట్‌లో ముందు పోయండి. దాని మీదికి బీరును సైఫన్‌తో, గొట్టం చివర అడుగున మునిగి ఉండేలా, చప్పుడు లేకుండా దింపండి. శుభ్రమైన గరిటెతో రెండు చుట్లు మెల్లగా తిప్పండి. సరిగ్గా కలవకపోతే కొన్ని సీసాలు చప్పగా, కొన్ని పొంగుతూ వస్తాయి. ప్రతి సీసాలో రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ వదిలి మూత బిగించండి. పలచటి అలంకారపు సీసాలు, వైన్ సీసాలు, అంచు పెచ్చులూడిన సీసాలు పక్కన పెట్టేయండి.

10. ప్లాస్టిక్ సీసాతో కనిపెట్టండి

అదే బీరును సోడా సీసాలో కూడా నింపి, పక్కలు కాస్త నొక్కి గాలి పోయాక మూత బిగించండి. గాజు సీసాల పక్కనే 20 నుంచి 24 డిగ్రీల్లో పెట్టండి. రోజులు గడిచేకొద్దీ అది ఉబ్బి గట్టిపడుతుంది. రెండు వారాలకు సోడా సీసాలా బిగిసిపోతే గ్యాస్ పట్టిందన్నమాట. అప్పుడు ఒక గాజు సీసాను రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి తెరిచి చూడండి. చప్పగా ఉంటే మిగతావి ఇంకో వారం ఉంచండి.

నాలుగో రోజుకే ప్లాస్టిక్ సీసా రాయిలా అయిపోయి, అడుగు ఉబ్బి నిలబడకుండా ఒరిగిపోతుంటే మాత్రం గాజు సీసాల్లో కూడా అదే జరుగుతోంది. వాటిని ఊరికే చేత్తో పట్టుకోకండి. కళ్లకు రక్షణ అద్దాలు, మందపాటి గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ప్రతి సీసా మీద తడి తువ్వాలు కప్పి ఫ్రిజ్‌లోకి చేర్చండి. రెండు రోజులు బాగా చల్లబడ్డాక, తువ్వాలు తీయకుండానే మూత అంచును కొంచెం ఎత్తి గ్యాస్ వదలండి. నురగ మెడదాకా రాగానే ఆపండి. అణిగాక మళ్లీ వదలండి. కొత్త మూతలు బిగించి ఫ్రిజ్‌లోనే ఉంచి త్వరగా తాగేయండి. ఒక సీసా అప్పటికే పేలి ఉంటే మిగతావాటి దగ్గరికి పోవద్దు. పెట్టె మీద మందపాటి దుప్పటి కప్పి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. గది చల్లబడ్డాకే, అదీ పైన చెప్పినవన్నీ వేసుకునే ముట్టుకోండి.